మణికట్టు ఎత్తి పట్టిన బియ్యం

మణికట్టును చేసిన దేవునికి ముందుగా స్తోత్రం. కొండల్ని నిలబెట్టినందుకు, సముద్రానికి గట్టు గీసినందుకు ఆయన్ని అందరూ పొగుడుతారు, నేనూ పొగుడుతాను. కానీ తల్లి గర్భంలో, ఎవరూ చూడని చోట, ముంజేతికీ అరచేతికీ నడుమ ఆ చిన్న కీలు అమర్చినందుకు ఆయన్ని పొగిడేవాళ్ళు తక్కువ. మెడ దగ్గర తెగిన మాట వేళ్ళ దాకా వెళ్ళలేకపోయినా మణికట్టు దాకా వెళ్ళేలా ఒక సన్నని దారి విడిచిపెట్టినందుకు పొగిడేవాళ్ళు ఇంకా తక్కువ. ఆ పని నాకు పడింది. ఆయన నామానికి మహిమ. ఆయన చేసింది చెప్పకుండా ఊరుకుంటే నా నోరు నాకే బరువు.

మాది హౌరా. తాతల కాలంలోనే శ్రీకాకుళం వైపు నుంచి జూట్ మిల్లు పనికి వచ్చి, మిల్లు గోడ పక్కనే కాపురాలు పెట్టి, ఆ సందుల్లోనే సంఘం కట్టుకున్నవాళ్ళం. బడిలో నేను చదివింది బెంగాలీ, హిందీ. తెలుగు అక్షరాలు నేర్పింది సంఘమే. నేల మీద చాప, చాప మీద పిల్లలం, ఎదురుగా వాక్యం. ఒక్కో వచనం కింద వేలు పెట్టి చదివించేవారు. పెద్దయ్యాక అదే చాప దగ్గర కూర్చుని నేను ఆదివారం బడి పిల్లలచేత చదివించాను. అందుకే నా తెలుగులో కాస్త ప్రసంగం వాసన వస్తుంది. చదివేవారు ఓర్చుకోవాలి.

ఒక వర్షాకాలం మధ్యాహ్నం, ఆరేసిన బట్టలు తడిసిపోతున్నాయని డాబా మీదికి పరుగెత్తాను. బట్టలన్నీ చంకన పెట్టుకుని దిగుతుంటే నాచు పట్టిన మెట్టు మీద కాలు జారింది. లేద్దామనుకున్నాను. అనుకోవడం వరకే అయింది. నా ముఖం పక్కన ఒక చెయ్యి పడి ఉంది. గాజులు చూసి అది నాదేనని పోల్చుకున్నాను. కింద నుంచి మా అత్త, “ఓలమ్మీ, బట్టలు తడిస్తే తడిసినాయి, నువ్వు దిగు!” అని కేకేస్తూనే ఉంది.

మెడలో ఎముక విరిగి లోపలి వెన్నుపామును నొక్కేసింది. ఆపరేషన్ చేశారు. భుజాలు కదులుతాయి, మోచెయ్యి మడుస్తుంది, మణికట్టు పైకి లేస్తుంది, వేళ్ళు మాత్రం కదలవు, కాళ్ళ మీద ఆశ పెట్టుకోవద్దు, అని డాక్టరు వార్డు బయట మా ఆయనకి చెప్పాడు. మా ఆయన లోపలికి వచ్చి, మంచం పక్కన స్టూలు లాక్కుని, విన్నది విన్నట్టు నాకు చెప్పేశాడు. మా ఇద్దరికీ దాచుకునే అలవాటు లేదు. ఆయన చెబుతున్నంతసేపూ నా వేళ్ళు పట్టుకునే ఉన్నాడట. నాకు తెలియలేదు.

ఆ తర్వాత నది అవతల కలకత్తాలో, భవానీపూర్‌లో ఒక థెరపీ కేంద్రానికి తిప్పడం మొదలుపెట్టారు. టాక్సీ మా సందులోకి రాదు. మా ఆయన నన్ను కుర్చీతో సహా మెయిన్ రోడ్డు దాకా తోసుకెళ్ళి, ఎత్తి టాక్సీలో కూర్చోబెట్టి, కుర్చీ మడిచి డిక్కీలో పెట్టేవాడు. బ్రిడ్జి మీద ట్రాఫిక్ ఆగితే మా అత్త ముందు సీట్లోంచి ప్రార్థన ఎత్తుకునేది. డ్రైవర్లు పాపం హారన్ కూడా కొట్టేవాళ్ళు కాదు.

అక్కడ ఒళ్ళు గట్టిపరిచే పని చూసే ఫిజియో ఒకాయన ఉండేవాడు. అందరం దాదా, అంటే అన్నయ్యా, అనేవాళ్ళం. ఆయన నన్ను ఒక బల్లకి పట్టీలతో కట్టి, బల్లను కొంచెం కొంచెంగా నిలబెట్టేవాడు. లోకమంతా నల్లబడి, చెవుల్లో ఈల మోగి, తల వాలిపోయేది. మళ్ళీ పడుకోబెట్టేవాడు, మళ్ళీ నిలబెట్టేవాడు. తర్వాత మంచం అంచున కూర్చోవడం. చేతులు ఆన్చకుండా, ముందుకో పక్కకో ఒరిగిపోకుండా ఊరికే కూర్చోవడం. అలా కూర్చున్న రోజు దాదా చప్పట్లు కొట్టాడు. నేను పాట అందుకున్నాను. పొట్టలో బలం లేక గొంతు పిల్లి కూతలా వచ్చింది, అయినా పాడాను. మంచం మీది నుంచి కుర్చీలోకి నున్నటి చెక్కపలక మీదుగా జరగడం నేర్పుతూ ఆయన, “పిడికిలి మీద బరువు వెయ్యండి. అరచెయ్యి పరచకండి,” అని పదే పదే చెప్పేవాడు. ఎందుకని నేనూ అడగలేదు, మా అత్తా అడగలేదు.

ఇక్కడ మా సంఘం ఆడవాళ్ళ అలవాటు ఒకటి చెప్పాలి. అన్నానికి బియ్యం కొలిచాక, కడగకముందు, అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తాం. ఆదివారం ఆ బియ్యం సంచిలో పోసుకెళ్ళి, మందిరంలో ప్రభువు బల్ల ముందు పెట్టిన వెదురు బుట్టలో కుమ్మరిస్తాం. ఆ వారం ఎవరింట్లో పొయ్యి కష్టంగా వెలుగుతుంటే ఆ ఇంటికి ఆ బుట్ట వెళుతుంది. సన్నవీ లావువీ, కొత్తవీ పాతవీ అన్నీ కలిసిపోయి ఉంటాయి. వండితే కొన్ని మెతుకులు ముద్దయిపోతాయి, కొన్ని పలుకుగా మిగులుతాయి. నేను ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ మా ఇంటికి వచ్చింది ఆ బుట్టే. స్పూనుతో మా ఆయన నా నోట్లో పెడుతుంటే, పలుకు తగిలినప్పుడల్లా ఇది ఎవరి పిడికిలో అనుకునేదాన్ని.

ఆ బుట్టకి పెద్ద మా అత్త. ఆమెకి ఒకటే సూత్రం: ఎవరి పిడికిలి వాళ్ళదే. గ్లాసుతో కొలవకూడదు, గరిటెతో తియ్యకూడదు, ఒకరి బదులు ఒకరు వెయ్యకూడదు.

ఇంటికి వచ్చిన కొత్తలో, మా ఆయన వంటింట్లో బియ్యం కొలుస్తూ, “అమ్మా, దీని వంతు పిడికెడు నేనేసీనా?” అని అడగడం మంచం మీద నాకు వినపడింది.

“డబ్బాలో సెయ్యెట్టినావంటే ఇరగ్గొడతాను,” అంది మా అత్త. “మొగుడి పిడికిలితో పెళ్ళాం కానుకేటి? రేపు దాని బదులు పరలోకానికి కూడా నువ్వే ఎల్తావేటి?”

“మరి అదెలా తీస్తాదే?”

“తీస్తాది. నాను ప్రభువుని అడుగుతన్నాను. నువ్వు నీల్లు పట్రా.”

మా ఆయనకి కోపం వచ్చి రెండు రోజులు తల్లితో ముభావంగా ఉన్నాడు. నాకు మాత్రం రాలేదు. చుట్టుపక్కల వాళ్ళంతా నన్ను చూసి, “ఇంక నీకెందుకమ్మా ఈ పనులు, నువ్వు హాయిగా పడుకో,” అంటున్న రోజులవి. నా వంతు ఇంకా నాదేనని, అది నేనే వెయ్యాలని అనుకున్న మనిషి ఒక్క మా అత్తే. ఆ పూట నా ప్రార్థన మారింది. కాళ్ళ సంగతి నీ చిత్తం ప్రభువా, వెనక్కి అడగను. నాకు ఒక పిడికిలి ఇవ్వు. గట్టిది కాకపోయినా పరవాలేదు, బియ్యం నిలిస్తే చాలు.

కొన్నాళ్ళకి దాదా, “ఇక మీరు ఓటీకి కూడా వెళ్ళాలి,” అన్నాడు. మా అత్త కుర్చీ పట్టుకుని నిలబడిపోయింది. “మల్లా కోస్తారేటి! నేదు, ఒప్పుకోను,” అని తెలుగులో మొదలుపెట్టి, కోపం ఎక్కువై హిందీలోకి దిగింది. అది ఆపరేషన్ గది కాదనీ, చేతులతో రోజువారీ పనులు నేర్పే థెరపీ అనీ చెప్పడానికి దాదాకి చాలాసేపు పట్టింది. “పన్లు నేర్పడానికి ఇంట్లో నానున్నాను కాదేటి?” అంది మా అత్త, కత్తి లేదని తేలాక.

ఆ చేతుల థెరపీ చేసే అమ్మాయి బెంగాలీ. సన్నగా ఉంటుంది, మాట గట్టిది. నన్ను దీదీ అనీ మా అత్తని మాషీమా, అంటే పిన్నమ్మా, అనీ పిలిచేది. మొదటి రోజే నా మోచెయ్యి బల్ల మీద ఆన్చి, మణికట్టును కిందికి వాల్చింది. నా వేళ్ళు వాటంతటవే కొంచెం తెరుచుకున్నాయి.

“ఇప్పుడు మణికట్టు ఎత్తండి దీదీ. వేళ్ళ సంగతి వదిలెయ్యండి.”

ఎత్తాను. వేళ్ళు మెల్లగా లోపలికి ముడుచుకున్నాయి. బొటనవేలు వచ్చి చూపుడువేలు పక్కకి ఆనింది. నేను ముడవలేదు. అవే ముడుచుకున్నాయి.

“వేళ్ళను మడిచే కండరాలకి కబురు అందదు. కానీ వాటి తాళ్ళు మణికట్టు మీదుగా పోతాయి. మణికట్టు పైకి లేస్తే ఆ తాళ్ళు బిగుసుకుని వేళ్ళను లాగుతాయి. దించితే వదులుతాయి. మీకు పట్టు అంటే ఇదే. దీన్నే పెంచుదాం.”

ఆమె ఒక పల్చటి ప్లాస్టిక్ గ్లాసు నా వేళ్ళ మధ్య పెట్టింది. మణికట్టు ఎత్తాను. గ్లాసు నిలిచింది. గాలికి ఊగే ఆకులా వణుకుతూ, కానీ నిలిచింది. ఆ రోజు టాక్సీలో బ్రిడ్జి మీద ప్రార్థన ఎత్తుకున్నది నేను.

ఇంట్లో ఇంకో ప్రార్థన నడుస్తోంది. మా అత్తది. సమాజమందిరంలో చెయ్యి ఎండిపోయినవాడిని ప్రభువు అందరి మధ్యా నిలబెట్టి చెయ్యి చాపమన్న సంగతి ఆమెకి ప్రాణం. అతను చాపాడు, చెయ్యి బాగుపడింది. నా వేళ్ళేమో లోపలికి ముడుచుకుంటున్నాయి. ఆమె కంటికి అది ఎండిపోవడమే. అందుకని రోజూ పొద్దున్నా సాయంత్రం కొబ్బరినూనె వేడిచేసి తెచ్చేది. నా చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, “సాపు తండ్రీ, ఈ సెయ్యి సాపు,” అని కన్నీళ్ళతో అడుగుతూ, ఒక్కో వేలూ నిటారుగా లాగి, అరచేతిని వెనక్కి వంచి, అప్పడంలా తన అరచేతికి ఆనించి నొక్కి పెట్టేది. నా చేతికి స్పర్శ సగమే. కానీ ఆ సగంలోకి ఆమె ప్రేమ వచ్చి చేరేది. వద్దని ఎలా అనిపిస్తుంది? నేనూ ఆమేన్ అంటూనే ఉన్నాను. మా గదికి వచ్చిపోయే సంఘం ఆడవాళ్ళకి కూడా ఆమె అది నేర్పింది. వచ్చిన ప్రతివాళ్ళూ రెండు వేళ్ళు చాపి, ఒక ప్రార్థన చేసి, టీ తాగి వెళ్ళేవారు.

నా వేళ్ళు రోజురోజుకీ మెత్తబడుతున్నాయి. “సూసినావా, ఎలగ తెరుసుకుంటన్నాయో!” అని మా అత్త మురిసిపోయేది.

ఒకరోజు భవానీపూర్‌లో ఎప్పటిలాగే ఆ అమ్మాయి గ్లాసు పెట్టింది. మణికట్టు ఎత్తాను. గ్లాసు జారి బల్ల మీద దొర్లింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ జారింది. వేళ్ళు వస్తున్నాయి గాని పూర్తిగా ముడవడం లేదు, సగంలో ఆగిపోయి ఊరికే వేలాడుతున్నాయి. ఆమె నా వేలు పట్టుకుని లాగి చూసింది. ముఖం మారింది.

“దీదీ, ఇంట్లో వేళ్ళు ఎవరైనా చాపుతున్నారా?”

నేను జవాబు చెప్పేలోపే మా అత్త తనకొచ్చిన బెంగాలీలో, “నేనే! రోజూ రెండుసార్లు! నూనెతో!” అంది, మెచ్చుకుంటుందని.

ఆ అమ్మాయి ఆమెను కేకలెయ్యలేదు. బల్ల పక్కన కూర్చోబెట్టి చెప్పింది. “మాషీమా, ఆ తాళ్ళు కాస్త బిగువుగా ఉంటేనే దీదీకి పట్టు. మీరు మణికట్టునీ వేళ్ళనీ ఒకేసారి చాపి ఆ తాళ్ళను సాగదీసేశారు. వేళ్ళు చాపాలంటే మణికట్టు దించి చాపాలి. మణికట్టు ఎత్తి ఉన్నప్పుడు వేళ్ళు మడిచే ఉంచాలి. ఇవాళ్టి నుంచి ఆపెయ్యండి.”

“మళ్ళీ బిగుస్తాయా?” అని నేను అడిగాను.

“చెప్పలేను. మడిచి కట్టి ఉంచుదాం. చూద్దాం. అబద్ధం చెప్పి మిమ్మల్ని పంపను.”

తిరుగు ప్రయాణంలో మా అత్త ఎప్పటిలాగే ముందు సీట్లో కూర్చుంది. టాక్సీ బ్రిడ్జి ఎక్కాక గట్టిగా అంది: “మా ప్రభువు సాపమన్నాడు. ఈ గుంట ముడవమంటంది. ఎవరి మాట ఇనాల?” డ్రైవరు తననేమో అనుకుని పక్కకి తిరిగి చూశాడు.

ఆమె ఆపలేదు. అమాయకత్వం కాదు, మొండితనమూ కాదు, భయం. ప్రార్థన మధ్యలో ఆపేస్తే నా చెయ్యి అలాగే ఎండిపోతుందని భయం. నేను చెయ్యి వెనక్కి లాక్కుంటే, “ప్రార్థన ఒద్దంటన్నావేటి అమ్మీ?” అని కళ్ళనీళ్ళు పెట్టుకునేది. ప్రార్థన వద్దనే నోరు నాది కాదు. కానీ పిడికిలి పోతోంది. దేవుడు అడిగినదిచ్చాడు, ఇచ్చినదాన్ని ఆయన పేరుతోనే మేము విప్పేసుకుంటున్నాం. ఆ మాట ఇంట్లో ఎవరితో అనాలో తెలియక వారమంతా వాక్యంలో వెతికాను. పేజీలు తిప్పడానికి నా చేతికి రబ్బరు తొడుగు ఉండేది. దాంతో ఒక పేజీ తిప్పాలంటే మూడు తిరిగేవి. వెతికినవాడికి దొరుకుతుందన్నది నిజమే. ఒకోసారి తప్పు పేజీలో దొరుకుతుంది.

శుక్రవారం మా ఇంట్లో స్త్రీల కూడిక. చాప నిండా మనుషులు. నేను కుర్చీలో. పాటలయ్యాక మా అత్త లేచి, ఎండిన చెయ్యి గలవాడి సంగతి చెప్పి, ఇవాళ అందరం కలిసి ఈ చెయ్యి చాపుదాం అంటూ నా దగ్గరికి వచ్చి చెయ్యి అందుకుంది.

“అత్తా, ఆగు,” అన్నాను. “ఇవాళ వాక్యం నేను చెబుతాను.”

ఆదివారం బడి టీచరు నోరు అది, ఎవరూ కాదనలేదు.

“ప్రభువు అందరికీ ఒకే మాట చెప్పలేదు,” అన్నాను. “ఒకడిని చెయ్యి చాపమన్నాడు. ఇంకొకడిని పరుపెత్తుకుని నడవమన్నాడు. చూపు లేనివాడికి కళ్ళకి బురద రాసి, పోయి కడుక్కోమన్నాడు. బురద మాట పరుపువాడికి చెప్పలేదు. ఎవరి మాట వాళ్ళది. నా మాట ఏదని వారమంతా అడిగాను. కరువు రోజుల్లో పుల్లలు ఏరుకుంటున్న ఆ విధవరాలు గుర్తుందా? ఆమె తొట్టిలో ఉన్నది పట్టెడు పిండి. ప్రవక్త ఆమెను చెయ్యి చాపమనలేదు. ఉన్న పట్టెడూ తీసి ముందు తనకి పెట్టమన్నాడు. చాపిన చేతిలో పిండి నిలవదు అత్తా. పట్టెడు కావాలంటే వేళ్ళు మడవాలి. నాకు వచ్చిన మాట ఇదీ. నా చెయ్యి చాపకండి. ముడుచుకోవాలని ప్రార్థన చెయ్యండి.”

వెనక నుంచి ఒక ముసలమ్మ మెల్లగా, “స్తోత్రం,” అంది. మా అత్త నా చెయ్యి వదిలి వంటింట్లోకి వెళ్ళిపోయింది. లోపల గిన్నెలు పెద్ద చప్పుడు చేశాయి. కాసేపటికి టీ వచ్చింది. ఆ ముసలమ్మే ఒక గుక్క తాగి, పక్కామెతో, “పంచదార మరిచిపోనాది. కోపం గట్టిదే,” అంది.

అందరూ వెళ్ళాక మా అత్త గుమ్మం దగ్గర కూర్చుంది. నా వైపు చూడలేదు. చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఏదో చేస్తోంది. మణికట్టు వాల్చి చూసింది. ఎత్తి చూసింది. మళ్ళీ వాల్చింది. తన చేతిని ఎవరో ఇప్పుడే ఇచ్చినట్టు అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

“ఓలమ్మ,” అంది. “నా సెయ్యీ ఇలగే సేస్తంది! ఊరికే వదిలీస్తే ఏళ్ళు వాటికవే ముడుసుకుంటన్నాయి.”

“అందరి చెయ్యీ అంతే అత్తా.”

“మరి ఇన్నేళ్ళూ నాకు తెల్దేటి? ఎన్ని బట్టలు పిండినాను, ఎంత పిండి పిసికినాను!” మణికట్టు ఇంకోసారి ఎత్తి చూసుకుంది. “ఆయన ముందే ఎట్టుంచినాడన్నమాట. నువ్వు పడతావని తెలిసే.” కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది. “ఏళ్ళు మడిసి గుడ్డ ఎలగ కట్టాలో రేపు ఆ గుంటనడిగి నేర్చుకుంటాను. నువ్వు కట్టుకోలేవు, నా కొడుక్కి సేతకాదు.”

నేర్చుకుంది. సాగే గుడ్డపట్టీతో నా వేళ్ళను మడిచి, గుండ్రంగా చుట్టి, చివర పిన్ను పెట్టడం ఆ అమ్మాయి కంటే మా అత్తే బాగా చేసేది. విప్పే వేళకి విప్పి, వేళ్ళ సందులు తుడిచి, చర్మం ఎర్రబడిందేమో చూసి, మళ్ళీ చుట్టేది. ప్రార్థన మానలేదు, మాట మార్చింది అంతే: “బిగించు తండ్రీ, తాళ్ళు బిగించు.” పట్టుదల కూడా పాతదే, వైపు మారింది. మా సంఘం పాస్టరు అయ్యగారు ఒక ఆదివారం పలకరిస్తూ నా చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకోబోతే, వెనక నుంచి, “అయ్యా! సాపీకండి!” అని ఆమె వేసిన కేకకి ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు.

చాలా వారాలు ఏమీ తెలియలేదు. కొన్ని రోజులు నాకూ విశ్వాసం సన్నబడింది. దాదా దగ్గర కుర్చీ చక్రాలు అరచేతి మడమతో తొయ్యడం, ముందుకు వంగి మళ్ళీ నిటారుగా కూర్చోవడం, ఒరిగితే మోచెయ్యి ఊతంతో సర్దుకోవడం, అవన్నీ సాగుతూనే ఉన్నాయి. కానీ చేతుల బల్ల దగ్గరికి మాత్రం కుర్చీ మెల్లగా తోసేదాన్ని. ఆ అమ్మాయి పట్టీ విప్పి, వేలు మెల్లగా లాగి చూసి, గ్లాసు తియ్యకుండానే మళ్ళీ కట్టేసేది.

ఒక పొద్దున విప్పి, లాగి చూసి, గ్లాసు తెచ్చింది. మణికట్టు ఎత్తాను. గ్లాసు నిలిచింది. నీళ్ళు పోసింది. నిలిచింది. నోటి దాకా తీసుకెళ్ళాను, సగం మెడ మీద పోసుకున్నాను, సగం తాగాను. “హొయే గేఛే!” అని ఆ అమ్మాయి అరిచింది. అయిపోయింది, సాధించాం అని. పక్క బల్లల దగ్గర ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. మా అత్త మోకాళ్ళ మీద పడి, ఆ హాలు మధ్యలో, ఎవరికీ అర్థం కాని తెలుగులో పెద్ద గొంతుతో దేవుణ్ణి స్తుతించింది. ఎవరూ వారించలేదు.

“ఇప్పుడు ఏం నేర్చుకుందాం దీదీ? చెంచా? దువ్వెన?”

“బియ్యం,” అన్నాను.

ఆమెకి అర్థం కాలేదు. బియ్యం తియ్యడానికి పిడి ఉన్న గిన్నె చేసిస్తానంది. గిన్నె కాదు, పిడికిలితోనే తియ్యాలని, మా సంఘం అలవాటు చెప్పాను. ఆమె కాసేపు నవ్వుతూ వింది. “మా ఠాకుమా కూడా రోజూ వండేముందు ఒక పిడికెడు తీసి పక్కన పెట్టేది,” అంది. ఠాకుమా అంటే వాళ్ళ నాయనమ్మ. “పాడుకుంటూ వచ్చే వైష్ణవులకి పోసేది. ఆవిడా చెంచాతో తియ్యనిచ్చేది కాదు.” మర్నాడు ఇంటి నుంచి ఒక డబ్బాలో బియ్యం తెచ్చి బల్ల మీద పెట్టింది.

బియ్యం గ్లాసు లాంటిది కాదు. మణికట్టు వాల్చి చెయ్యి దింపితే వేళ్ళు తెరుచుకుంటాయి, గింజలు వేళ్ళ మధ్యకి వస్తాయి. మణికట్టు ఎత్తితే వేళ్ళు ముడుచుకుంటాయి, కానీ గింజలు ప్రతి సందులోంచీ కారిపోతాయి. ఎత్తే వేగం తగ్గించాలి, చెయ్యి కొంచెం వెల్లకిలా తిప్పాలి, భుజం సాయం తీసుకోవాలి. తీసినదాన్ని వెయ్యడానికి మళ్ళీ మణికట్టు వాల్చాలి. పట్టుకోవడానికీ ఇవ్వడానికీ దేవుడు ఒకే కీలు పెట్టాడు. అది తెలిసిన రోజు నాకు పెద్ద ప్రసంగం విన్నట్టయింది.

ఒక శనివారం పొద్దున మా అత్త వంటింట్లోంచి పిలిచింది. “అమ్మీ, బియ్యం కొలిసీసినాను. నీల్లు పోసీకముందే రా.”

వంటింటి గడప మా ఆయన ఎప్పుడో తీయించేసి సిమెంటు పూయించాడు. కుర్చీ తోసుకుంటూ వెళ్ళాను. బియ్యం గిన్నె ఎత్తు పీట మీద, నా మోకాళ్ళ ఎత్తున ఉంది. పక్కనే డబ్బా, మూత తీసి. మా అత్త ఎదురుగా కింద కూర్చుని, సాయానికి వస్తాయేమోనని తన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది. మా ఆయన గుమ్మంలో నిలబడ్డాడు, పళ్ళు తోముకుంటూ, బ్రష్ నోట్లోనే.

చెయ్యి దింపాను. ఎత్తాను. కారిపోయాయి. డబ్బా దగ్గరికి వెళ్ళేసరికి మిగిలినవి వేసి చూస్తే కొన్ని గింజలు.

“ఇదేటి, పిచ్చిక్కి కూడా సాలదు,” అంది మా అత్త.

“దేవుడికి సాల్దేటే?” అన్నాడు మా ఆయన బ్రష్ తీసి.

“నువ్వు నోరు మూసుకుని పళ్ళు తోముకో. అమ్మీ, ఇంకోపాలి.”

మళ్ళీ దింపాను. ఈసారి తొందరపడలేదు. మణికట్టును, ఎవరో పైనుంచి దారం పట్టి లాగుతున్నట్టు, కొంచెం కొంచెంగా ఎత్తాను. చూపుడువేలు, తర్వాత మధ్యవేలు, తర్వాత మిగతావి ఒకదాని వెనక ఒకటి వచ్చి గింజల మీద మూసుకున్నాయి. బొటనవేలు వచ్చి తలుపు గడియలా పక్కన ఆనింది. చెయ్యి తిప్పాను. రెండు గింజలు రాలాయి. మిగతావి నిలిచాయి. భుజం నుంచి ఎత్తి, డబ్బా మీదికి తెచ్చి, మణికట్టు వాల్చాను. బియ్యం డబ్బా అడుగున పడిన చప్పుడు, చినుకు పడ్డట్టు. వేళ్ళు కదిలించలేని చేతినుంచి వచ్చిన చప్పుడది.

మా ఆయన బ్రష్ సింకులో పడేసి వచ్చి నా తల మీద గడ్డం ఆనించి నిలబడ్డాడు, టూత్‌పేస్టు నురగతోనే. మా అత్త తొడల కింది నుంచి చేతులు తీసి, డబ్బాలోకి చూసి, “పిడికెడే,” అంది. ఎవరో ఇంకా సందేహిస్తున్నట్టు మళ్ళీ అంది, “పిడికెడే. నాను సూసినాను.” అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే మిగతా బియ్యంలో నీళ్ళు పోసింది.

ఆదివారం నా ఒళ్ళో సంచి పెట్టుకుని బల్ల ముందుకి కుర్చీ నేనే తోసుకెళ్ళాను. లైనులో నిలబడ్డ ఆడవాళ్ళు పక్కకి తప్పుకోబోతే మా అత్త, “తప్పుకోకండి, దాని వంతు వచ్చినప్పుడే పోస్తాది,” అంది. నా వంతు వచ్చింది. పళ్ళతో సంచి మూతి విప్పి, మోచేతితో వంచి పోశాను. సన్నవాటిలో లావువి, పాతవాటిలో కొత్తవి కలిసిపోయాయి. ఏవి నావో ఇంక ఎవరూ ఏరలేరు. హల్లెలూయా! ఆ వారం ఆ బుట్ట ఎవరింటికి వెళ్ళిందో అడగలేదు. అడగకూడదు.

చదువుతున్న సహోదరీ, సహోదరుడా, ఇక్కడ ఒక్క నిమిషం ఆగి నాతో కలిసి ప్రార్థన చెయ్యండి. ఆ థెరపీ హాల్లో కిటికీ పక్క బల్ల దగ్గర ఒక కాలేజీ పిల్ల ఉంది. ఆమె మెడలో గాయం నాదానికంటే పైన. మణికట్టు ఇంకా లేవలేదు. వాళ్ళమ్మ రోజూ ఆ చేతినే చూస్తూ కూర్చుంటుంది. తండ్రీ, నీ దగ్గర ఎన్ని దారులున్నాయో మాకు తెలియదు. ఆ పిల్లకి రావలసిన మాట ఏదో మాకు తెలియదు, నీకు తెలుసు. మా మాట ఆమె మీద పెట్టకుండా మమ్మల్ని ఆపు. ఆమె మాట ఆమెకి పంపు. అది వచ్చేదాకా ఆ తల్లి పక్కన కూర్చునే ఓపిక మాకివ్వు. ఈ పొగడ్తంతా నీదే. మీరూ నాతో అనండి, ఆమేన్.